పెట్టెలో వేసిన చీటీ

ఆదివారం ఆరాధన ముగియవచ్చింది. కానుకల సంచి ఆడవాళ్ల వరుసలు దాటి మగవాళ్ల వైపు పోయింది. పాస్టరు నాగేందర్ వెనక్కి జరిగి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన భార్య నిర్మలమ్మ మైకు అందుకుంది. ఆమె ముందు ఒక స్టాండుకు బిగించిన ఫోను నిలబడి ఉంది. మందిరంలో జరిగేదంతా అందులో పడుతుందట, ఎక్కడెక్కడి వాళ్లో చూస్తారట.

"ఇప్పుడు ప్రార్థన విన్నపాలు" అంది నిర్మలమ్మ, చేతిలోని చీటీలు సర్దుకుంటూ.

మూడో వరుసలో చాప మీద కూర్చున్న బక్కమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఇలా చదవడం కొత్త పద్ధతి, రెండు వారాల నుంచే. పోయిన వారం ఒకరి కొడుకు డిగ్రీ పరీక్షలు, ఇంకొకరి బోరులో నీళ్లు చదివారు. అవి గుమ్మం దగ్గర వాళ్లంతట వాళ్లే రాసిచ్చిన చీటీలు. బక్కమ్మ ఆ రకం చీటీ ఏదీ ఇవ్వలేదు. ఆమె వేసింది శుక్రవారం ఉపవాస ప్రార్థనప్పుడు బల్ల మీద పెట్టే చెక్క పెట్టెలో. ఆ పెట్టె పెట్టిన రోజున పాస్టరు గారే చెప్పాడు, అందులో వేసింది వేసినవాళ్లకూ దేవునికీ మధ్యనేనని, దాని మీద చేతులుంచి ప్రార్థన చేసి, తెరవకుండా చీటీలన్నీ కాల్చేస్తామని.

నిర్మలమ్మ రెండు చీటీలు చదివి మూడోది విప్పింది.

"మన సహోదరి బక్కమ్మ. తన భర్త మల్లేశ్‌కు..." ఆమె గొంతు నిజంగానే జీరపోయింది. "క్షయ వ్యాధి వచ్చిందట. టీబీ. దగ్గితే రక్తం పడుతుందట. అత్తింటోళ్లకు గూడ చెప్పుకోలేక లోపల్లోపల కుములుతుందట. మల్లేశ్ ఇంకా ప్రభువును ఎరగడు. సంఘమంతా చేతులెత్తి ఆ బిడ్డ కోసం మొరపెడదాం."

సంఘం చేతులెత్తింది. బక్కమ్మ చేతులు ఒళ్లోంచి లేవలేదు. పక్కన ఎప్పుడూ తొడ ఆనించి కూర్చునే మల్లిక కూడా చేతులెత్తింది, కళ్లు మూసుకుంది, "ప్రభువా, ప్రభువా" అంటూనే జానెడు అవతలికి జరిగింది.

మందిరం కప్పు మీద ఊరివైపు తిప్పి కట్టిన మైకు గొట్టాలు రెండున్నాయి. ఆదివారం పూట వాటి పాట చెరువు కట్ట దాకా వినిపిస్తుంది. మల్లేశ్ ఈ వేళకు గొర్లను నీళ్లకు తోలుకొచ్చి ఆ కట్ట మీదనే ఉంటాడు. బక్కమ్మ లేచింది. పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ బయటికి నడిచింది. చెప్పులు వెతుక్కోవడానికి కూడా ఆగలేదు.

ఇంటికి చేరేసరికి మల్లేశ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గొర్లు ఎవరికి అప్పగించి వచ్చాడో. పక్కన గోలీల కవరు పెట్టుకున్నాడు. నెల కింద మొదలైన మందు అది, ఆరు నెలలు మింగాలి. ఊరి ఆశా వర్కరు ఉమారాణి వాటిని కరివేపాకు కట్టల కింద దాచి తెచ్చి ఇచ్చేది, బస్సు స్టేజి దగ్గర బక్కమ్మ అమ్మే రొట్టెలు కొనడానికి వచ్చినట్టు నిలబడి గుసగుసగా చెప్పేది. ఒక్కరోజు కూడా తప్పొద్దు, తప్పితే రోగం మొండికేసి మందుకు లొంగదు, అప్పుడు ప్రాణం మీదికొస్తుంది. బక్కమ్మకు ఆ మాట నిద్రలో లేపి అడిగినా చెప్పేంత గుర్తు.

"ఏమయ్యా..." అంది.

"నేను నీకు జెప్పిన" అన్నాడు మల్లేశ్. కేకలు వేయలేదు. కేకలేస్తే దగ్గు వస్తుంది. "మా అన్నకు జెప్పలే, అవ్వకు జెప్పలే. నీకే జెప్పిన. నువ్వు పొయ్యి నీ దేవునికి జెప్పుకున్నవు. నీ దేవుడు మైకుల జెప్పిండు."

"పెట్టె తెరువం అన్నరయ్యా. కాలబెడ్తమన్నరు."

"నన్నడిగినవా ఎయ్యే ముందు?"

అడగాలన్న ఆలోచనే రాలేదు ఆమెకు. దేవునికి చెప్పడమంటే ఇంకొకరికి చెప్పడమని ఆమె ఏనాడూ అనుకోలేదు.

మల్లేశ్ గోలీల కవరు ఆమె చేతిలో పెట్టాడు. "తీస్కో. నాకద్దు. దాచుకోని మింగుదామంటే ఇప్పుడు దాచేదేమున్నది? పోతే పోత. ఇంకో మాట. గీ సంగతి ఇంకొకరికి జెప్పినవంటే, ఆ ఉమారాణికైనా సరే, నీ గడప తొక్క." గొంగడి భుజాన వేసుకుని మంద దగ్గరికి వెళ్లిపోయాడు. రాత్రికి రాలేదు.

సోమవారం పొద్దుగూకే వేళకు బక్కమ్మ ఎప్పటిలాగే స్టేజి దగ్గర పొయ్యి ముట్టించింది. కేతేపల్లి నుంచి వచ్చే బస్సు ఆగే జాగా అది. వేపచెట్టు కింద రేకు పందిరి, మూడు రాళ్ల పొయ్యి, ఒక పీట, ఒక పెనం. పళ్లెంలో జొన్నపిండి పోసి మసిలే నీళ్లు కొద్దికొద్దిగా ఒంపుతూ గరిటెతో కలిపింది. వేడి తగ్గకముందే అరచేత్తో పిసికి ముద్ద చేసింది. పీట మీద పొడిపిండి చల్లి ముద్దను చేత్తో కొడుతూ తిప్పితే రొట్టె దానంతటదే గుండ్రంగా పెరుగుతుంది. పెనం మీద పరిచి తడిగుడ్డతో పైన ఒక్కసారి తుడవాలి, ఆలస్యమైతే పగుళ్లిస్తుంది. ఈ పనిలో ఆమె చెయ్యి తప్పదు. ఆ చప్పుడు విని బజారు వాళ్లు గిన్నెలతో వచ్చేవాళ్లు.

చప్పుడు ఆ రోజూ అయింది. ఎవరూ రాలేదు. రోజూ ఆరు రొట్టెలు కట్టించుకునే కిరాణా కొట్టాయన దుకాణం మెట్ల మీద నిలబడి ఆకాశం చూశాడు. మబ్బు లేదు, ఏమీ లేదు, అయినా చూశాడు. బస్సు దిగిన ఇద్దరు ఆడవాళ్లు పందిరి దాకా వచ్చి, ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుని, రేపు తీసుకుంటామని పోయారు. రొట్టె ద్వారా ఆ రోగం రాదని, నెల మందు పడ్డాక పక్కనున్నవాళ్లకూ భయం తక్కువేనని ఉమారాణి చెప్పింది. కానీ ఆ మాట ఎవరికి చెప్పాలి? రోడ్డు మీద నిలబడి అరవాలా? అరవడానికి ఆమె దగ్గర మైకు లేదు.

గంపలో ముప్పై దాకా రొట్టెలు చల్లారిపోయాక భద్రమ్మ వచ్చింది. ఊరి చివర ఒంటరిగా బతికే ముసలామె, కర్ర పట్టుకుని నడుస్తుంది. పందిరి కింది రాయి మీద కూలబడి చెయ్యి చాచింది.

"రెండు పెట్టవే. కారం ఎయ్యి."

"తెల్వదా అవ్వా, ఊరంత ఏమనుకుంటాందో?"

"ఎందుకు తెల్వదు? నాకు చెవుడచ్చినా మీ మైకు ఇనబడ్తది" అంది భద్రమ్మ. "డెబ్బయి దాటినయి నాకు. గీ వయసుల రొట్టె తిని సచ్చిందని పేరొస్తే అది గూడ మంచి పేరే. పెట్టు."

బక్కమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మిగిలిన రొట్టెలు గుడ్డలో కట్టి ముసలామె చేతికిచ్చింది, పక్కన గుడిసెల్లో ఉండే కూలీలకు పంచమని. ఎవరు చేసిందీ చెప్పొద్దంది.

మంగళవారం పొద్దున మందిరం వెనక ఉన్న పాస్టరు గారింటికి వెళ్లింది. నాగేందర్ వసారాలో కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. మంచివాడే ఆయన. ఎవరికి జ్వరమొచ్చినా బండి మీద దవాఖానకు తీసుకుపోతాడు. అందుకే ఊరు ఆయన్ను నమ్మింది.

"రామ్మా బక్కమ్మా, కూర్చో. నీ కోసమే ప్రార్థన చేస్తున్న."

ఆమె కూర్చోలేదు. "పెట్టె తెరువం అని చెప్పిండ్రు గదా అయ్యగారు."

"తెరవకపోతే ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలమ్మా? పేరు తెల్వాలె గదా."

"దేవునికి తెల్వదా?"

ఆయన ఓపికగా నవ్వాడు. "సంఘమంటే ఒక్క శరీరం. కాలికి ముల్లు గుచ్చుకుంటే కంటికి చెప్పవద్దని దాస్తమా? ఇగో చూడు, నూట పద్నాలుగు మంది ఆమేన్ అని పెట్టిండ్రు నీ భర్త కోసం. దుబాయి నుంచి గూడ ఉన్నరు."

"ఆళ్లు నాకెవ్వరు అయ్యగారు? నా రొట్టెలు కొనెటోళ్లు ఊర్ల ఉన్నరు. నా పెనిమిటి మందు బంద్..." అని, మల్లేశ్ పెట్టిన ఆన గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

"విశ్వాసముంచు. తగ్గినంక ఇద్దరూ వచ్చి సంఘం ముందల సాక్ష్యం చెప్పుండ్రి. మల్లేశ్ గూడ ప్రభువు దగ్గరికి వస్తడు. ఇదంత దేవుడు అందుకే జరిగించిండనుకుంట."

బక్కమ్మ ఒళ్లు భగ్గుమంది. మల్లేశ్ రక్తం కక్కడం, తన గంపలో రొట్టెలు ఎండిపోవడం, అంతా ఒక సాక్ష్యం కోసమా? దేవుణ్ణి ఇంత చిన్నవాణ్ణి చేస్తారా ఎవరైనా?

"నా చీటీ నాకియ్యుండ్రి" అంది.

ఇంత చిన్నదానికి ఎందుకన్నట్టు చూసి, ఆయన లోపలికి పోయి బల్ల సొరుగు లాగాడు. తలుపు సందులోంచి ఆమెకు కనబడింది. సొరుగు నిండా చీటీలే. ఏడాదివి, రెండేళ్లవి, రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టలుగా. ఒక్కటీ కాల్చలేదు. ఎవరి కోడలు ఎవరితో వెళ్లిపోయిందో, ఎవరి కొడుకు తాగి ఎవరిని కొట్టాడో, ఎంతమంది ఆడవాళ్లు ఉపవాసముండి, రాసి, మడతలు పెట్టి వేసిన మాటలో అవి. వంటింటి గుమ్మంలో నిర్మలమ్మ నిలబడి ఉంది. బక్కమ్మ వైపు చూసి తల దించుకుంది.

ఆ సాయంత్రం తన చీటీని బక్కమ్మ పెనం కింద పెట్టి తానే కాల్చింది.

దేవుని మీద ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేదనిపించింది, అలగడానికైనా ఒకరుండేవారు. రోజూ మధ్యాహ్నం మంద దగ్గరికి సద్దిమూట తీసుకుపోయేది, దాంట్లో ఆ పూట గోలీలు పెట్టేది. మల్లేశ్ రొట్టె తిని గోలీలు మూటలోనే తిరిగి ఇచ్చేవాడు. దగ్గు మళ్లీ ఎక్కువైంది. మూడు రోజులు, నాలుగు రోజులు. బుధవారం ఉమారాణి ఎదురుపడి "ఏస్కుంటున్నడా?" అని కళ్లతోనే అడిగితే, ఔననీ కాదనీ తేల్చకుండా తప్పుకుంది. అబద్ధమాడలేదు, నిజమూ చెప్పలేదు. ఆ రెండింటి మధ్య ఆమె ప్రాణం నలిగిపోయింది. చెబితే మనిషి తనకు దక్కడు. చెప్పకపోతే అసలు మనిషే దక్కడు.

శుక్రవారం వచ్చింది. మందిరంలో ఉపవాస ప్రార్థన. బక్కమ్మ పోలేదు. ఉపవాసం మాత్రం మానలేదు. పొయ్యి ముందు కూర్చుని, ఎవరూ కొనరని తెలిసీ నాలుగు రొట్టెలకు పిండి కలిపింది. పిండి మీద చెయ్యి పడినప్పుడల్లా మనసులోనే చెప్పుకుంది. మాటలు కూడా లేవు దాంట్లో. ఆయన్ను బతికించు, అంతే. పెట్టె లేకపోయినా, చీటీ లేకపోయినా, ఆమెకు ఇప్పుడే దేవుడు దగ్గరగా విన్నట్టనిపించింది. ఆ నాలుగు రొట్టెలూ భద్రమ్మకే పోయాయి.

శనివారం మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఎండకు రోడ్డు మీద పిట్ట లేదు. బక్కమ్మ పొయ్యిలో బూడిద ఎత్తి పోసి పుల్లలు పేరుస్తుంటే ఎవరో పందిరి ముందు నిలబడ్డారు. నిర్మలమ్మ. చేతిలో టిఫిను డబ్బా పట్టుకుంది.

"వందనాలు బక్కమ్మా. రొట్టెలు..."

"ఇంక పొయ్యే ముట్టియ్యలే అమ్మగారు."

"ఉంట, పర్వాలేదు. అయ్యగారు నల్లగొండ పోయిండు. పాస్టర్ల మీటింగు. పొద్దుగూకినంక వస్తడు."

బక్కమ్మ కూర్చోమనలేదు. పుల్లలు విరుస్తూనే ఉంది. పైకి చూపలేని కోపమంతా ఆ పుల్లల మీద చూపింది. నిర్మలమ్మ తనంతట తానే రాయి మీద కూర్చుంది.

"ఆ రోజు నేను చదివింది..." అని మొదలుపెట్టి ఆగిపోయింది నిర్మలమ్మ. "అందరు ప్రార్థన చేస్తే నీకు మంచిగైతదనే అనుకున్న బక్కమ్మా. ఆయన ఇచ్చిండు, నేను చదివిన. నాకొక సంగతున్నది. ఎవరికన్న చెప్పుకోకపోతే నా గుండె పలుగుతది. ప్రార్థన చెయ్యవా?"

"నేనా? మందిరం ఉన్నది గదా అమ్మగారు. పెట్టె ఉన్నది. చీటీ రాసి ఏసుకోరాదుండ్రి."

అనాలనే అంది. అన్నాక కూడా పశ్చాత్తాపం కలగలేదు. వారం రోజులుగా గొంతులో అడ్డం పడ్డ మాట అది.

నిర్మలమ్మ టిఫిను డబ్బా కింద పెట్టింది. "ఆ పెట్టె తాళం ఆయన దగ్గరుంటది" అంది, చాలా చిన్నగా.

బక్కమ్మ చేతిలో పుల్ల ఆగిపోయింది. మొదటిసారి ఆమె ముఖం తేరిపార చూసింది. మైకు ముందు నిలబడే మనిషి కాదు. కళ్ల కింద చారలు, పెదవి మీద పళ్లతో కొరుక్కున్న గుర్తులు. ఇంత పెద్ద సంఘంలో ఈమెకు చెప్పుకునే చోటు లేదు. ఊరందరి చీటీలూ వాళ్ల సొరుగులో ఉన్నాయి, ఈమె చీటీకి మాత్రం పెట్టె లేదు.

"చెప్పుండ్రి" అంది బక్కమ్మ, పీట పక్కకు జరిపి.

నిర్మలమ్మ చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయడం లేదు. రాయలేను కూడా. బక్కమ్మ దాన్ని ఎవరికీ చెప్పలేదు కనక నాకూ తెలియదు. బక్కమ్మ కుటుంబం సంగతంటారా, అది మైకులో వచ్చింది, ఊరంతా విన్నది, నేను దాచినా దాగదు.

చెప్పడం అయ్యాక నిర్మలమ్మ వంగి ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. బక్కమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. మనసులోనే ప్రార్థన చేసింది. కాసేపటికి నిర్మలమ్మ తేరుకుని లేవబోతే, "ఉండుండ్రి" అని, తన చేతి బూడిద అంటిన ఆమె పాపిటను కొంగుతో శుభ్రంగా తుడిచింది, దారిలో ఎవరూ ఏమిటని అడగకుండా. ఖాళీ డబ్బా తీసుకుని నిర్మలమ్మ వెళ్లిపోయింది.

రోడ్డు అవతల తుమ్మల నీడలో గొర్లు నిలబడి ఉన్నాయి. వాటి వెనక మల్లేశ్. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో. రోడ్డు దాటి వచ్చాడు, వారం తర్వాత మొదటిసారి పందిరి కిందికి.

"ఏమైందట పాస్టరమ్మకు?" అన్నాడు. కళ్లలో ఒక వెలుగు ఉంది. మంచి వెలుగు కాదది.

"రొట్టెలకు వచ్చింది."

"రొట్టెల కోసం ఒళ్లె పడి ఏడుస్తరా?"

"పొగ."

"పొయ్యి ముట్టియ్యనే లేదు."

బక్కమ్మ అగ్గిపుల్ల గీసి పొయ్యి ముట్టించింది. మల్లేశ్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "చెప్పు. మన సంగతి ఊరంత జెప్పింది గామె. ఇగ గామెది మన చేతికి దొరికింది. నేను కిరాణం కొట్టుకాడ ఒక్క మాటంటే చాలు, మైకు గూడ అక్కరలేదు. చెప్పే."

మాట నాలుక చివర ఉంది. బక్కమ్మ మనిషే, దేవత కాదు. చెబితే ఆ ఇంటి పరువు రేపు ఆరాధన వేళకల్లా బజార్లో పడుతుంది. గంపలో ఎండిన రొట్టెలన్నిటికీ లెక్క సరిపోతుంది. మొగుడు కూడా తనవైపు వస్తాడు, ఈ పూటే ఇంటికొస్తాడు. అడిగింది అతను. ఇన్ని రోజుల తర్వాత, నోరు తెరిచి, ఏదో ఒకటి అడిగాడు.

"చెప్ప" అంది.

"నాకు గూడ చెప్పవా?"

"నీకు గూడ."

మల్లేశ్ ముఖం ముడుచుకుంది. లేచి వెళ్లిపోతాడనుకుంది. అతను దగ్గాడు, తువ్వాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గాడు. తువ్వాలు చూసుకుని మడిచాడు. పొయ్యి మంట అందుకుంది.

"నాది గూడ గిట్లనే దాస్తే ఏం పోయేది నీకు?" అన్నాడు. ఈసారి ఆ గొంతులో కోపం లేదు, బాధ ఉంది.

"ఏం పోయేది గాదు" అంది బక్కమ్మ. "వాళ్లు చేసింది వాళ్లది. నేను చేసింది నాది. నీ సంగతి నీది, నిన్నడగకుండ కాయితం మీద పెట్టుడు నా తప్పే. దేవునికైనా సరే."

మల్లేశ్ చాలాసేపు మంటను చూస్తూ కూర్చున్నాడు. బక్కమ్మ నీళ్లు పెట్టింది, పిండి కొలిచింది. బతిమాలలేదు.

"గోలీలేవి?" అన్నాడు చివరికి.

ఆమె కొంగు ముడి విప్పి తీసింది. అతను చెంబెడు నీళ్లతో మింగాడు. గుటక దిగేదాకా ఆమె అతని గొంతునే చూసింది.

"ఆరు రోజులు తప్పినయి" అంది మెల్లగా. "ఉమారాణికి తెల్వాలె. మళ్ల పరీక్ష చెయ్యాల్నో ఏమో. ఆమెకు చెప్పనా?"

అడిగి, పిండిలోంచి చేతులు తీసి, జవాబు కోసం ఆగింది. వద్దంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. అయినా అడిగింది.

మల్లేశ్ లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నువ్వెందుకు? నేనే చెప్త" అన్నాడు. గొర్లను చూస్తూ ఉండమని చేత్తో సైగ చేసి, సందు దారిన కాకుండా, కిరాణా కొట్టు ముందు నుంచే, అందరూ చూస్తుండగా ఉమారాణి ఇంటి వైపు నడిచాడు.